పై వరస పదకొండు పెట్టెలు

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది ఐదుగురం.

నాయనమ్మ, డెబ్భై ఒక్క ఏళ్ళు. పోయినేడు పూత రోజుల్లో బేరి చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి చేతికర్ర. మెయ్‌ఫన్ పిన్ని. బాబాయ్ మా అమ్మానాన్నలతోపాటు చెంగ్డూలో కట్టడం పనుల్లో ఉంటాడు కాబట్టి ఇక్కడ పనంతా ఆవిడదే. చ్యూ తాత. నలభై పెట్టెల తేనెటీగలతో లారీలో వచ్చి తొమ్మిది రోజులుగా మా బయటి గదిలో ఉంటున్నాడు. పురుగుమందుల కొట్టు షెన్. గ్రామసంఘంలో చీడపీడల వ్యవహారం చూసేది కూడా ఆయనే. ఆ రోజు రెండుసార్లు వచ్చాడు, పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇంకోసారి. ఐదో మనిషిని నేను, లాన్‌యిన్‌ని.

ఆరో మనిషి రాలేదని కచ్చితంగా చెప్పగలను. మా బేరి తోటకి మూడు పక్కలా కొండచరియ. దారి ఒక్కటే, మా వంటింటి పెరట్లోంచి. ఆ పెరట్లోకి రావాలంటే మా గేటు దాటాలి. గేటు దగ్గర నేను తెల్లవారుజాము నుంచి బట్టలు ఉతుకుతూనే ఉన్నాను.

కాబట్టి ఆ పదకొండు పెట్టెల ఈగల్ని చంపినవాళ్ళెవరో ఈ ఐదుగురిలోనే ఉన్నారు. నన్ను తీసేస్తే నలుగురు.

ఒంటిగంటా నలభైకి షెన్ చచ్చిన ఈగనొకదాన్ని కర్రపుల్లతో తిప్పి చూశాడు. రెండోదాన్ని చూడలేదు.

"రోగం. అంటురోగం. పదకొండు పెట్టెలు పోయాయంటే మిగతావి రేపో ఎల్లుండో. ఐదింటికల్లా నలభై పెట్టెలూ కాల్చెయ్యాలి. గడ్డీ కిరసనాయిలూ నేను పంపిస్తా."

"ఇరవై తొమ్మిది బతికే ఉన్నాయయ్యా," అన్నాడు చ్యూ తాత. ఆయన పెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చచ్చిన ఈగల్ని అరచేత్తో ఒకవైపుకి చేరుస్తున్నాడు, ఎండబెట్టిన ధాన్యాన్ని చేర్చినట్టు.

"బతికి ఉన్నవే ప్రమాదం. అవతల ఊళ్ళలో కూడా తేనెటీగలున్నాయి. అంటుకుంటే ఎవరిది పూచీ?"

"రోగం కాదు," అన్నాను.

షెన్ నా వైపు తిరిగాడు. నేను మాట్లాడతానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"ఏం పిల్లా, ఎప్పుడయ్యావు డాక్టరువి?"

"ఐదింటిదాకా టైముంది కదా షెన్ బాబాయ్. అప్పటిదాకా చూస్తాను."

"చూసుకో. కళ్ళకేం పన్ను లేదు." నవ్వి, గ్రామసంఘం మైకులో మనుషుల్ని పిలవడానికి వెళ్ళిపోయాడు.

నాకున్నది మూడు గంటలా ఇరవై నిమిషాలు. ఆ పెట్టెలు కాలిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో ముప్పై ఏడేళ్ళుగా బేరి పువ్వుకి పుప్పొడి అంటించేది మనుషులే. వెదురుకర్రకి కోడి ఈకలు కట్టి, చెట్టెక్కి, ఒక్కో పువ్వునీ తాకాలి. మందులు కొట్టి కొట్టి ఈగల్ని మేమే తరిమేశాం. ఒక్కో పువ్వు విచ్చుకున్నాక ఐదు రోజులే ఉంటుంది. ఎక్కగలిగిన వయసువాళ్ళందరూ నగరాల్లో ఉన్నారు. పోయినేడు ఎక్కినవాళ్ళలో అరవై దాటనివాళ్ళు ముగ్గురు. నాయనమ్మ పడిన రోజు కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది నేనే.

ఆ తర్వాతే చ్యూ తాతకి ఉత్తరం రాశాను. ఆయన రానన్నాడు. పదేళ్ళ క్రితం మా లోయకొచ్చి సగం పెట్టెలు పోగొట్టుకున్నాడట. అప్పుడు నాయనమ్మ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పూతకి ముందు పది రోజులు, పూత రాలిపోయేదాకా ఏ ఇంటివాళ్ళూ ఏ మందూ కొట్టకూడదు అని కాగితం రాయించింది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఎర్రసిరాలో వేలిముద్రలు వేశారు. మొదటి ముద్ర ఆవిడదే. మాట తప్పిన ఇంటికి ఇక మీదట ఎవరూ చేతిసాయానికి రాకూడదని చివరి వాక్యం. అంటే చెట్లెక్కడానికి, కాయ కొయ్యడానికి, శవాన్ని మోయడానికి కూడా. ఆ కాగితం ఫొటో చూశాకే చ్యూ తాత లారీ ఎక్కాడు.

ఈ ఏడు చ్యూ తాత ఈగల్ని పోగొట్టుకుని వెళ్తే మళ్ళీ ఏ తేనెటీగల మనిషీ మా లోయ మొహం చూడడు. వచ్చే వసంతంలో ఆ నిచ్చెన ఎక్కాల్సింది మళ్ళీ నాయనమ్మే.

*

ముందు పెట్టెలు.

చచ్చిన ఈగల్ని ఇరవై ఏరి తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టాను. ఇరవైకి ఇరవై రెక్కలు చాపి ఉన్నాయి. నాలుకలు బయటికి వచ్చి ఉన్నాయి. కడుపు ఉబ్బి ఉంది. వెనక కాళ్ళకి పుప్పొడి ముద్ద ఉన్నది ఒక్కటీ లేదు.

"తాతా, మూత తియ్యండి. లోపల పిల్ల పురుగుల్ని చూడాలి."

ఆయన పొగడబ్బా కూడా వాడలేదు. చట్రం ఒకటి పైకి లాగాడు. గదుల్లో పురుగులు పాలతెలుపులో, తడిగా మెరుస్తున్నాయి. వాసన చూశాను. మైనం, తేనె. కుళ్ళు వాసన లేదు. పెట్టె ముందు పలక మీద విరేచనాల మరకలు లేవు. రాణి ఉంది. ఆమె చుట్టూ ఒంటిమీద నూగు ఇంకా రాలని చిన్న ఈగలు కదులుతున్నాయి.

"రోగమైతే ముందు పిల్లలు పోతాయి," అన్నాడు చ్యూ తాత. "ఇక్కడ బయటికెళ్ళినవే పోయినయ్. ఇంట్లో ఉన్నవి బతికినయ్."

"సాయంత్రం మీరు పోసే చక్కెరనీళ్ళు?"

ఆయన మొహం ఎర్రబడింది. "నా చేత్తో నేను విషం పోశాననా?"

"అనడం లేదు. అడుగుతున్నాను."

"నలభైకి ఒకే కడవలోంచి పోశా. బేరి పూలు నానబెట్టిన నీళ్ళు. ఈ పువ్వులో తీపి తక్కువమ్మా, ఊరికే వదిలేస్తే అన్నీ ఆ పక్క ఆవ చేను మీదికే పోతయ్. ఈ వాసన నాలిక్కి పట్టిస్తే ఇటు తిరుగుతయ్. ఈ రోజో రేపో తిరిగేవి. ఒక్క రోజు ఓపిక పడితే చాలు."

నలభై పెట్టెలకీ ఒకే కడవ. పోయింది పదకొండు. కాబట్టి అందులో ఏమీ లేదు.

నా నోటుబుక్కు తీశాను. ఆయన వచ్చిన రోజు నుంచీ ఏ పెట్టె ఎన్నింటికి లేచిందో రాస్తున్నాను. ఆ రోజు పేజీ ఇలా ఉంది. ఏడింటికి నలభై పెట్టెలూ బాగున్నాయి. తొమ్మిదీ పదికి పై వరసకి ఎండ తగిలింది, పదకొండూ ఎగిరాయి. పదిన్నరకి కింది వరసలకి ఎండ తగిలింది, ఇరవై తొమ్మిదీ ఎగిరాయి. పన్నెండూ యాభైకి చ్యూ తాత కేక.

రాసింది నేనే, అయినా మళ్ళీ చదివాకే అందులో ఉన్నది కనిపించింది. మాకు తూర్పున గుట్ట అడ్డం. ఎండ ముందు పై వరస మీద పడుతుంది, గంటా ఇరవై నిమిషాల తర్వాత కింది వరసల మీద. ముందు వెళ్ళినవి చచ్చాయి. తర్వాత వెళ్ళినవి బతికాయి. రెండూ వెళ్ళింది ఒకే తోటకి.

"తాతా, తొమ్మిదింటికి ఉండి పదిన్నరకి లేకుండాపోయేది ఏమిటి?"

ఆయన పెట్టె పక్క గడ్డిని వేలితో తాకాడు. "తడి," అన్నాడు.

*

రెండున్నర. వంటింట్లో పిన్ని ఊరవేసిన ఆవాకు తరుగుతోంది. కత్తి పలక మీద కావలసినదానికంటే గట్టిగా పడుతోంది.

"పిన్నీ, పొద్దున తోటలోకి ఎవరెవరు వెళ్ళారు?"

"నన్నడుగుతున్నావా, నా మీద పెడుతున్నావా?"

"అడుగుతున్నాను."

"మొన్న నా కనురెప్ప మీద కుట్టింది నీ చుట్టం. మూడు రోజులు ఒంటికన్నుతో వండిపెట్టా. అయినా వాటి జోలికెళ్ళానా? నాకు ఈగలంటే పడదని ఊరంతా తెలుసు కాబట్టి నేనే చంపానని రాసుకో ఆ పుస్తకంలో."

"రాసుకోను. ఎవరు వెళ్ళారు?"

కత్తి ఆగింది. "ఆరుంబావుకి అత్తయ్య. చింగ్‌మింగ్ సమాధుల పండగ వస్తోంది కదా, మామయ్య సమాధి చుట్టూ గడ్డి పీకాలంది. కాళ్ళు బాలేవు నేనొస్తానంటే వద్దంది. ఎనిమిదింటిలోపు దిగింది. ఆ తర్వాత షెన్ వచ్చాడు, పెరట్లోకి వెళ్ళి పది నిమిషాలున్నాడు. ఏం చేశాడో నాకు తెలియదు. వాడు పెరట్లోకెళ్ళడమేంటి, వాడి అత్తారిల్లా ఇది?"

"మీరు?"

"నేను ఈ పొయ్యి వదల్లేదు. చక్కెర కోసం అటకంతా వెతికా, అంతే."

"చక్కెర లేదా?"

"డబ్బా నిండా ఉండాలి. అడుగున గరిటెడుంది. మీ చ్యూ తాతగారే తీసుకుని ఉంటాడు ఈగల పానకానికి. మనింటి చక్కెర తిని మనల్నే కుడతాయి."

చ్యూ తాత చక్కెర బస్తాలతో వచ్చాడు. మా డబ్బా ఆయనకెందుకు?

ఫ్రిజ్ తెరిచాను. పైఅరలో, గుడ్ల వెనక, పోయినేటి పుప్పొడి సీసా ఉండాలి. మొగ్గల్లోంచి గిల్లి, దీపం కింద ఆరబెట్టి, సున్నపు పొట్లం వేసి దాచిన పసుపు పొడి. ఈ ఏడు ఈగలున్నాయి కదా, వాడే పనిలేదని అనుకున్నాం. సీసా అక్కడ లేదు. అది ఉన్నచోట గుండ్రటి గుర్తు మాత్రం ఉంది.

"పిన్నీ, పుప్పొడి సీసా?"

"నాకేం తెలుసు. దాన్ని ముట్టుకుంటే మీ నాయనమ్మ చేతులు విరగ్గొడుతుంది."

*

మూడింటికి షెన్ గడ్డిమోపులతో ఇద్దరు మనుషుల్ని తీసుకుని వచ్చాడు. మా గేటు ముందు దించుతుంటే ఎదురెళ్ళాను. చేతిలో చచ్చిన ఈగల తెల్ల గుడ్డ ఉంది.

"చూడండి. నాలుకలు బయటికొచ్చాయి. పిల్ల పురుగులు ఆరోగ్యంగా ఉన్నాయి. వాసన లేదు. చచ్చినవి ముందు ఎగిరినవే. ఇది మందు."

"మందైతే ఎవరు కొట్టారు?"

"మీరు పొద్దున ఎనిమిదింటికి మా పెరట్లో ఏం చేశారు?"

గడ్డి దించుతున్న ఇద్దరూ ఆగిపోయారు. షెన్ వాళ్ళవైపు చూసి, నా దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించాడు.

"నిన్న మీ నాయనమ్మ నా కొట్టుకొచ్చి పూత నిలవడానికి వేసే బోరాన్ పొడి పట్టుకెళ్ళింది. మిరప మొక్కలకంది. ఎంత కలపాలో చెప్పడం మర్చిపోయా. చెప్పిపోదామని వచ్చా. చాలా?"

"పది నిమిషాలు పట్టిందా చెప్పడానికి?"

"నేనేం చూశానో, ఏం చూడలేదో నీకు అనవసరం." ఒక్క క్షణం ఆగాడు. "పిల్లా, నీ మంచికే చెప్తున్నా. రోగమైతే ఎవరి తప్పూ కాదు. కాల్చేస్తాం, అయిపోతుంది, ఆ ముసలాయనకి సంఘం ఏదో సర్దిచెప్తుంది. మందంటే పేరు కావాలి. పద్నాలుగు ఇళ్ళూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. రేపు నీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే గుమ్మం తొక్కేవాడుండడు. అదా నీకు కావాల్సింది?"

"మీరు అమ్మిన మందేనని తెలుస్తుందని భయమా?"

"మా నాన్న కాలం నుంచీ ఈ ఊరికి మందులమ్ముతున్నాం. నా కొట్టు పేరు లేని అటక ఏ ఇంట్లో ఉందో చూపించు. దానికే భయపడితే ఈపాటికి ఎప్పుడో చచ్చేవాణ్ణి." గుడ్డ మీది ఈగల్ని వేలితో లెక్కపెట్టినట్టు చూపించాడు. "విషం దానంతటది నడిచి రాదు. ఒక చెయ్యి ఉండాలి. ఐదింటికి నాకు ఆ చెయ్యి ఎవరిదో చెప్పు, గడ్డి వెనక్కి తీసుకెళ్తా. చెప్పలేకపోతే అగ్గిపెట్టె నాది."

ఆయన బెదిరిస్తున్నాడని అనుకున్నాను. గంటన్నర తర్వాత గానీ అర్థం కాలేదు, ఆయన నన్ను ఆ పేరు దాకా పోకుండా ఆపడానికి చూస్తున్నాడని.

*

మూడూ నలభైకి తోటలో పై మెట్టు ఎక్కాను. తాతయ్య సమాధి చుట్టూ నాలుగు బేరి చెట్లు. ఆయనే అంటుకట్టినవి. కాపు ఎక్కువ, పొట్టి చెట్లు. పూత నిండా విచ్చుకుంది. మీద ఈగలున్నాయి, ఎక్కువ కాదు. పక్క చేనులో ఆవ పూల మీద హోరు వినిపిస్తోంది.

సమాధి చుట్టూ గడ్డి పీకలేదు.

మొదటి చెట్టు కొమ్మని కిందికి వంచాను. ఆకులు వేళ్ళకి అంటుకున్నాయి. జిగురు. వేలు నాలుక దాకా తీసుకెళ్ళి ఆగాను. పక్కన చెట్టు మొదట్లో చీమల బారు ఒకటి పైకెక్కుతోంది. కొమ్మ మొదలుదాకా బాగానే నడిచింది. జిగురు మొదలైన చోట చీమలు వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు కదుపుతున్నాయి.

తీపి. విషం. ఆకు వెనక ఎండిన చుక్కల్లో సన్నటి పసుపు రేణువులు. చక్కెర, పుప్పొడి, బోరాన్ పొడి. వేరే జిల్లాల్లో ఇలా నీళ్ళలో కలిపి కొడతారని రేడియోలో విన్నాం. పువ్వుని ఈకతో తాకే బదులు తడిపితే చాలట.

ఇందులో విషం కలపాలని ఎవరూ అనుకోలేదు. ఎవరో పువ్వు కాయ కట్టాలనుకున్నారు. అంతే. ఈగలు చేస్తున్న పనిని వాటికంటే ముందే చేసెయ్యాలనుకున్నారు. కొట్టిన పిచికారీ సీసాలోనే అంతకుముందు ఏదో మందు ఉండి ఉంటుంది. చక్కెర వాసనకి ఈగలు ఆవ పూలు వదిలి ఇటు వచ్చాయి. తొమ్మిదీ పదికి తడిగా ఉంది, తాగాయి. పదిన్నరకి ఎండిపోయింది.

ఎవరు? పిన్ని, షెన్, నాయనమ్మ. చ్యూ తాత తన ఈగల్ని తను చంపుకోడు.

కొమ్మలు ఒకటొకటే చూశాను. చుక్కలన్నీ నా గడ్డం కంటే కిందే ఉన్నాయి. ఒక్క కొమ్మని కూడా వంచి కొట్టలేదు, ఒక్క చెట్టూ ఎక్కలేదు. షెన్ నాకంటే జానెడు పొడుగు. పిన్ని కోతిలా ఎక్కుతుంది.

తర్వాత పూలగుత్తులు చూశాను. ఒక గుత్తిలో ఏడు పూలు. అంచునుంచి రెండోది, మూడోది మాత్రమే రేకులు ముడుచుకుని అంటుకున్నాయి. మిగతా ఐదూ పొడిగా ఉన్నాయి. పక్క గుత్తి. రెండు, మూడు. ఇంకో గుత్తి. రెండు, మూడు. పిన్ని ఈకలు పట్టుకుంటే గుత్తి మొత్తం రుద్దేస్తుంది, దానికి ప్రతి ఏడూ తిట్లు తింటుంది. షెన్ జీవితంలో ఒక్క పువ్వునీ తాకలేదు. రెండోది, మూడోది మాత్రమే తాకి, కాయ బరువుకి కొమ్మ విరగకుండా మిగతావి వదిలేసే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. నాకు ఆరేళ్ళప్పుడు నా మణికట్టు పట్టుకుని, "రెండు, మూడు, వదిలెయ్. రెండు, మూడు, వదిలెయ్," అని నేర్పిన చెయ్యి.

అక్కడే కూర్చుండిపోయాను. కింద గేటు దగ్గర కిరసనాయిలు డబ్బా దించిన చప్పుడు వినిపించింది.

చెప్పకుండా ఉండొచ్చు. రోగమనే అనుకుంటారు. పెట్టెలు కాలుతాయి, నాయనమ్మ ఉంటుంది. కానీ కాలకుండా ఎలాగో బతికించినా రేపు పొద్దున మంచు పడుతుంది. ఎండిన చక్కెర మళ్ళీ కరుగుతుంది. మిగిలిన ఇరవై తొమ్మిదీ వచ్చి తాగుతాయి. నోరు మూసుకుంటే చంపేది ఈసారి నేనే.

*

నాలుగూ ముప్పై ఐదు. నాయనమ్మ గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద కూర్చుని, తాతయ్య సమాధి దగ్గర కాల్చడానికి పసుపు కాగితాలు మడుస్తోంది.

"నాయనమ్మా, మిరప మొక్కల పేనుబంకకి కొట్టే చిన్న సీసా ఎక్కడ?"

మడత ఆగలేదు. "మూడుసార్లు కడిగా. బూడిదేసి కూడా కడిగా."

ఎందుకు కావాలో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఆ జవాబుతోనే అంతా అయిపోయింది. గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి అడుగుపెట్టలేదు.

"ఎందుకు నాయనమ్మా? నువ్వే కదా అందరి చేతా వేలిముద్రలు వేయించావు."

"తొమ్మిది రోజులు చూశానే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మీ తాతయ్య చెట్ల మీద ఒక్కటంటే ఒక్క ఈగ వాల్లేదు. అన్నీ ఆ ఆవ పూల మీదే. ముప్పై ఏడేళ్ళు ఒక్కో పువ్వునీ నా చేత్తో తాకా. తాకని పువ్వు కాయవుతుందంటే ఎట్లా నమ్మమంటావు? నీ బడి పుస్తకంలో ఉంటే సరిపోయిందా?" ఇంకో కాగితం తీసుకుంది. "నాలుగు చెట్లే అనుకున్నా. ఈగలకి నేను కీడు చెయ్యలేదు. వాటికి సాయం చేశా అనుకున్నా."

"ఈ రోజు తిరిగేవట. చ్యూ తాత చెప్పాడు."

నాయనమ్మ చేతిలో కాగితం సగం మడతలో ఆగింది. రేపటి మంచు సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. కిటికీలోంచి షెన్ గొంతు వినిపిస్తోంది, గడ్డి ఎక్కడ పరచాలో చెబుతున్నాడు.

"పొద్దున వాడు పెరట్లోకొచ్చేసరికి సీసా కడుగుతున్నా," అంది. "చూశాడు. ఏమీ అనలేదు. అందుకే రోగమంటున్నాడు వెధవ. నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు."

"ఐదింటికి పేరు చెప్పమన్నాడు."

"చెప్పు."

"నాయనమ్మా..."

"చెప్పమంటున్నానా. కాదు, నువ్వొద్దు. మనవరాలి చేత చెప్పించుకుని బతకను. నేనే వచ్చి నిలబడతా. కాగితం మీద మొదటి వేలు నాది, ముందు తప్పిందీ నాదే. నా గుమ్మం తొక్కకపోతే మానెయ్యనీ. ఆయన పెట్టెలు ఆయన తీసుకెళ్ళనీ."

గుండె మీంచి బండ దిగినట్టయింది. ఏడుపు వచ్చింది కూడా. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ నాలుగు చెట్లకి పాత దుప్పట్లు కట్టి, పెట్టెలు రెండు రోజులు నీడలో మూసి ఉంచితే చాలు. మనసులో లెక్కలు వేసుకుంటూ చెయ్యి చాపాను.

"ఆ సీసా ఇవ్వు. షెన్‌కి చూపిస్తే రోగమనే మాట ఇక రాదు."

నాయనమ్మ చెయ్యి కదల్లేదు.

"సీసా నా దగ్గర లేదు."

"పారేశావా?"

"కడిగి ఇచ్చేశా. పొద్దున ఊట దగ్గరికి ఆకుకూర కడగడానికెళ్ళినప్పుడు. పుప్పొడి కూడా దాంతోనే."

"ఎవరికి?"

"నాలాంటి వాళ్ళే ఇంకో ముగ్గురు. వాళ్ళూ తొమ్మిది రోజులు చూశారు. వాళ్ళ తోటలు అవతలి గుట్ట మీద, పూత మనకంటే ఒక రోజు వెనక. రేపు వెలుగు రాకముందే కొడతారు. ఒకరయ్యాక ఒకరు, అదే సీసాతో."

అవతలి గుట్ట మీద ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టడానికి నాకు నోటుబుక్కు అక్కర్లేదు. మా నాలుగు చెట్ల లాంటివి మూడు వందలు. రెండు రోజులు మూసిపెట్టినా, ఎన్ని దుప్పట్లు కట్టినా అంత గుట్టని కప్పలేం. మైకులో చెప్పొచ్చు. మైకు షెన్ చేతిలో ఉంది. షెన్ దృష్టిలో తప్పు చేసిన ఇల్లు ఒకటే, దాన్ని కాపాడటానికే ఆయన ఊరిని నమ్మించాడు. ఇంకో మూడు ఉన్నాయని తెలిస్తే వాళ్ళనీ కాపాడటానికి ముందు అగ్గిపుల్ల గీస్తాడు.

"పేర్లు చెప్పు నాయనమ్మా. నేనొక్కదాన్నే వెళ్తాను. ఎవరికీ చెప్పను. సీసా తెచ్చేసుకుంటాను."

"వెళ్తావు. నిన్ను చూడగానే వాళ్ళకి తెలుస్తుంది, నేను చెప్పానని." ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. "పోయినేడు నేను నలభై రోజులు ఆస్పత్రి మంచంలో, నువ్వూ పిన్నీ నా పక్కనా ఉంటే ఈ చెట్లెక్కింది ఎవరనుకున్నావు? ఆ ముగ్గురే. ఒకామెకి కళ్ళు సరిగా కనపడవు, తడుముకుంటూ ఎక్కింది. నా పేరు నా ఇష్టం, చెప్పుకుంటా. వాళ్ళ పేర్లు నావి కావు."

"ఇరవై తొమ్మిది పెట్టెలు నాయనమ్మా."

"విన్నా."

"చ్యూ తాత నిన్ను నమ్మి వచ్చాడు. నన్ను కాదు."

నాయనమ్మ మంచం పక్కన ఆనించిన చేతికర్ర అందుకుంది. బయట షెన్ నా పేరు పెట్టి పిలిచాడు, టైమెంతయిందో చూసుకోమన్నాడు. ఆవిడ కర్ర మీద బరువు వేసి మెల్లగా లేచింది. గడ్డి దగ్గరికి వెళ్ళడానికే లేచిందని, ఆవిడకి దారి ఇవ్వడానికి గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "గడ్డి దగ్గర నిలబడితే వాడు ముందడిగేది ఆ సీసా ఎక్కడనే," అంది. తర్వాత తలుపు వేసి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.